దొర సీసా తెరిచిన సాయంత్రం

పోయిన వారం మా పాతరలోకి దీపం దించిన చోట కథ ఆపేశాను. దీపం ఆరలేదు లెండి. భూమిలో తవ్వి రాగులు నిలవచేసే ఆ గుంతలో గాలి చెడిపోయి ఉంటే దీపం ఆరిపోతుంది, అప్పుడు మనిషి దిగితే శవమే పైకి వస్తుంది. దీపం నిలిచింది కాబట్టి పాలేరు మునెప్ప దిగాడు, రాగుల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమాడు, మా ఇంటి దొర సీసాను పైకి అందించాడు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళు బెంగపడొద్దు, సంగతి చెబుతాను. డెంకణికోట అడవి అంచున మాకు కొంత చేను ఉంది. ఒకప్పుడు మా తాత చౌడప్ప అక్కడ ఏనుగు బారి నుంచి ఒక దొరను కాపాడాడనీ, ఆ దొర షాంపేన్ సీసా కానుకగా ఇచ్చి పోయాడనీ మా ఇంట్లో చెప్పుకుంటాం. కల్లు, సారా, బ్రాందీ, ఏదీ మా గడప దాటదు. పైగా ఆ రోజుల్లో మద్యనిషేధం. అందుకని సీసాను కెలవరపల్లిలోని మా ఇంటి ముందరి పాతరలో, రాగుల మధ్య పడుకోబెట్టారు. రాగులు తీసినప్పుడల్లా దాన్ని తీయడం, కొత్త రాగులు పోసినప్పుడు మళ్ళీ పూడ్చడం. దాని మీది కాగితం ఎప్పుడో ఊడిపోయింది.

ఆ కథను నమ్ముకునే మా నాయన జయరామప్ప ఊరి మొదట్లో సిమెంటు ఆర్చి కట్టించాడు. ‘ఏనుగును ఎదిరించిన వీరుడు చౌడప్ప’ అని పెద్ద అక్షరాలతో రాయించి, కింద ఆయన పుట్టిన సంవత్సరం 1908, పోయిన సంవత్సరం 1951 వేయించాడు. ఆదివారం ప్రారంభం. దానికి రెండు వారాల ముందు, రిబ్బను కత్తిరించాల్సిన పంచాయతీ ప్రెసిడెంటు వెంకటేశప్ప తాత, మా తాతకు వరసకు తమ్ముడే, పదిమంది ముందు అడ్డం తిరిగాడు. ఏనుగు కథ మా నాయన గోరంతను కొండంత చేసి అల్లిందట. అట్లాంటి సీసాలు బెంగళూరులో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయట. తెలిసినవాడు ఎవడైనా ఇది నిజంగా ఆ కాలపు సీసాయేనని తేల్చి చెబితేనే తాను ఆర్చి కిందికి వస్తాడట.

సరే, తెలిసినవాడు నాకు దొరికాడు. నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుని. మెషిన్లు బిగించడానికి ఫ్రాన్సు నుంచి మోరో అనే ఇంజినీరు వచ్చి ఉన్నాడు. ఆయన మేనమామలకు షాంపేన్ పుట్టిన సీమలోనే ద్రాక్షతోటలు. నేను సంగతి చెప్పగానే ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, రాగుల్లో పడుకున్న షాంపేనా అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. శనివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ విడవగానే గెస్టుహౌసు నుంచి నాలుగు గాజు గ్లాసులు తువ్వాలులో చుట్టుకుని నాతోపాటు బయలుదేరాడు.

సీసాను ఇంట్లోకి తెచ్చే ప్రసక్తే లేదని మా అవ్వ, చౌడప్ప భార్య అంజనమ్మ ముందే తేల్చేసింది. అందుకని కళ్ళంలో మంచం వాల్చాం. మా అమ్మ మంజులమ్మ పొద్దుటి నుంచీ సీసాను బుట్టలో పెట్టి బావి నీళ్ళలోకి దించి ఉంచింది, చల్లగా ఉండాలని మోరో చెప్పాడు కదా. వెంకటేశప్ప తాత ఇస్త్రీ పంచె కట్టుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయనకు అందని ద్రాక్ష పుల్లన అనుకున్నాను అప్పుడు. తప్పు. అది ఎందుకు తప్పో ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

మా నాయన మీసం దువ్వుకుని, పండక్కి కట్టే సిల్కు చొక్కా వేసుకుని వచ్చాడు. పైకి అంత దర్జా, లోపల మాత్రం గుండె జారిపోతోందని నాకు తెలుసు. పదకొండేళ్ళప్పుడు తండ్రిని పోగొట్టుకున్న మనిషి ఆయన. తండ్రంటే ఆయనకు మిగిలింది ఆ ఏనుగు కథ, ఈ సీసా. ఇది ఉత్త పులిసిన నీళ్ళని తేలితే రేపు మా నాయన ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. ఆర్చి మీది పేరు చూసి పోయే ప్రతివాడూ నవ్వుతాడు.

మోరో సీసా మెడకున్న బంగారు రేకు వొలిచాడు. కింద తీగ తుప్పుపట్టి ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది. ఆయన తువ్వాలు కప్పి బిరడా పట్టుకోగానే మా అమ్మ చెవులు మూసుకుంది. షాంపేన్ తెరిస్తే తుపాకీ పేలినట్టు పేలుతుందని ఎవరో చెప్పగా మేమంతా విని ఉన్నాం. మునెప్ప అయితే గడ్డివామి వెనక్కి పోయి నిలబడ్డాడు.

మోరో బిరడాను తిప్పలేదు. దాన్ని గట్టిగా పట్టుకుని సీసానే మెల్లగా తిప్పాడు. చాలాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత స్... అని చిన్న చప్పుడు, నిద్రలో ముసలాళ్ళు వదిలే ఊపిరిలాగా. అంతే.

వెంకటేశప్ప తాత ముఖం వెలిగిపోయింది. “టపాకాయ తుస్సుమనె కదప్పా జయరామా,” అన్నాడు.  మా నాయన మెడ నరం ఒక్కటి కదలడం నాకు కనిపించింది.

మోరో వేలు ఎత్తి అందరినీ మాట్లాడొద్దన్నాడు. గ్లాసు వంచి పోశాడు. నేను తెల్లగా, సోడాలాగా ఉంటుందేమో అనుకున్నాను. కాదు, అది పాత కాసులపేరు రంగు. అందులో బుడగలు ఉన్నాయి. ఆవగింజ కంటే చిన్నవి, తొందర లేకుండా ఒకదాని వెనక ఒకటి అడుగు నుంచి పైకి వస్తున్నాయి. మోరో గ్లాసును ఎండకు ఎత్తి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపు అలా ఉన్నాడంటే, ఈయనకు ఏమైనా అయిందా అని మా అమ్మ నన్ను గిల్లింది. తర్వాత కొంచెం నోట్లోకి తీసుకుని, మింగకుండా అటూ ఇటూ తిప్పి, మింగి, నా వైపు తిరిగాడు. బతికే ఉందని చెప్పు మీ నాన్నకి, అన్నాడు. ఉత్తగా బతికి ఉండడం కాదు, మహారాణిలాగా బతికి ఉందని చెప్పమన్నాడు.

నేను చెప్పాను. మా నాయన ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాను, ఈసారి వెంకటేశప్ప తాతకు బాగా వినపడేట్టు.

ఆయన ఒప్పుకుంటాడా? తనకూ పోయమన్నాడు. మా వైపు ఎవరూ లోటాకు పెదవి ఆనించరు, ఎంగిలి అవుతుందని. ఎత్తి నోట్లో పోసుకోవడమే పుట్టినప్పటి అలవాటు. తాత కూడా గ్లాసు జానెడు ఎత్తున పట్టి, తల వెనక్కి వాల్చి, మజ్జిగ పోసుకున్నట్టు ధారగా పోసుకున్నాడు. అంతే, నోట్లో నురగ పొంగి ముక్కులోకి ఎక్కింది. ఆయన దగ్గి, తుమ్మి, ఇస్త్రీ పంచె అంతా తడుపుకుని, కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. పెద్దాయన ముందు నవ్వకూడదంటారు. నేను నవ్వాను. రెండు వారాలుగా మా నాయనను అబద్ధాలకోరు అన్న మనిషి ఆయన, నేనెందుకు ఆపుకోవాలి?

పెదవి ఆనించి, గుక్కెడు కూడా కాదు, తడి చేసుకున్నంత తాగాలని మోరో చేసి చూపించాడు. మా నాయన అట్లాగే తాగి, శానా బాగుందని చెప్పాడు గానీ ఆయన ముఖం కషాయం తాగినవాడిలాగే ఉంది.

అప్పుడే మా అవ్వ లేచింది. అంతవరకూ ఆమె గోనెసంచి మీద, మాకు కొంచెం దూరంగా కూర్చుని ఉంది. వచ్చి మోరో ఎదుట నిలబడి, నాకూ పోయమని చెప్పు పుష్పా, అంది నాతో.

మా అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. మా నాయన వద్దమ్మా అని ఏదో అనబోయాడు. పెళ్ళిలో ఎవడో తాగి వచ్చాడని విస్తరి ముందు నుంచి లేచిపోయిన మనిషి మా అవ్వ.

“ఇన్ని దినాలు దీన్ని కాచింది నేను,” అంది అవ్వ. “నేను కాచిందేందో నాకు తెలియొద్దా? గడప దాటి లోపలికి రాలేదు కదా. పొయ్యమను.”

మోరో నాలుగో గ్లాసు తీసి, తువ్వాలుతో తుడిచి, ఎవరికీ పొయ్యనంత శ్రద్ధగా పోశాడు. అవ్వ ముందు వాసన చూసింది. మోరో చూసినట్టే, తొందర లేకుండా. తర్వాత పెదవి ఆనించింది. ఆమె జన్మలో ఏ పాత్రకైనా పెదవి ఆనించడం నేను చూడటం అదే మొదలు. మింగి, కళ్ళు చిన్నవి చేసి, కొంచెంసేపు అడవి దిక్కు చూసింది.

ఏముందని మోరో అడిగాడు. నేను అడిగాను. అవ్వ ఒక్కొక్కటే చెప్పింది, నేను ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి మార్చాను. సంకటి దించినాక కుండ అడుగున మిగిలే మాడు వాసన ముందు వచ్చిందట. మోరో దాన్ని కాల్చిన రొట్టె అన్నాడు. రెండూ ఒకటే అనుకున్నాను. తేనె ఉంది, తీపి లేదు అంది అవ్వ. తేనె పిండేసినాక తుట్టెలో మిగిలే మైనం అట. వాన పడిన మర్నాడు పుట్ట పక్కన పుట్టగొడుగు పీకితే వచ్చే మట్టివాసన కూడా ఉందంది. మోరో ఆ మాటకు తొడ చరుచుకున్నాడు. ఎండు పండు ఒకటి ఉందని ఆయన అన్నాడు, దాని పేరు నేను ఎన్నడూ వినలేదు. అవ్వ మాత్రం అది మామిడితాండ్ర అంచు అని పట్టుపట్టింది. అక్కడ ఇద్దరికీ కుదరలేదు. కుదరకపోయినా ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు.

“అన్నీ పోయినాక చింతచిగురు పులుపు ఒకటి నిలబడుతుండాది,” అంది అవ్వ. “అది లేకుంటే ఇది ఎప్పుడో కూలిపోయుండును.”

మోరో ఔనౌను అన్నాడు. ఆ పులుపే దీనికి వెన్నెముక అట. ఇంత వయసు వచ్చినా నడుము వంగని షాంపేన్ తాను ఎక్కువ చూడలేదట. నేను ఆ మాట తెలుగులో చెప్పగానే మా అమ్మ, మా అత్తలాగానా అని గొణిగింది. కళ్ళం అంతా నవ్వింది. అవ్వ కూడా నవ్వింది.

వెంకటేశప్ప తాత నవ్వలేదు. మంచి సరుకే కావచ్చు, పాతదని రుజువేంటని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం కాదు నేను, ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉందని నాకూ తెలుసు, అయినా మండింది.

మోరోకు కోపం రాలేదు. బిరడా తీసి తాత అరచేతిలో పెట్టాడు. కొత్త షాంపేన్ తెరిస్తే బిరడా కింది భాగం వెంటనే ఉబ్బి, లంగా కుచ్చిళ్ళలాగా వెడల్పు అవుతుందట. ఏళ్ళ తరబడి సీసా మెడలో ఇరుక్కున్నది అట్లా ఉబ్బలేదు, నొక్కుకుపోయి అట్లాగే ఉండిపోతుంది. ఈ బిరడా సన్నగా, నిటారుగా, పలుపు కట్టే గూటంలాగా ఉంది. దీన్ని ఎవడూ దొంగతనంగా తయారు చేయలేడు, కాలం ఒక్కటే చేస్తుంది అన్నాడు మోరో.

తాత బిరడాను వేళ్ళతో నొక్కి చూశాడు, గోరుతో గీరి చూశాడు. చివరకు తువ్వాలు భుజం మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, నేనే ఓడిపోయినాను జయరామా, రేపు రిబ్బను నా చేత్తోనే కత్తిరిస్తాను అన్నాడు.

మా నాయన ఏడ్చాడు. సిగ్గుపడకుండా, సిల్కు చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకుంటూ ఏడ్చాడు. మా తాత అబద్ధం కాదు, మా ఇల్లు అబద్ధం కాదు. నాకు ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను. ఆ నిమిషం హోసూరు బస్టాండులో నిలబడి చౌడప్ప మనవరాలినని అరవమంటే అరిచేదాన్ని.

ఆ సంతోషంలోనే మోరో బిరడాను మళ్ళీ తీసుకుని, జేబురుమాలుతో తుడిచి, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పక్కన కాల్చి వేసిన అక్షరాలు ఉన్నాయి. మంచి పంట వచ్చిన సంవత్సరాల్లో ఆ ఒక్క ఏటి ద్రాక్షతోనే చేసి, బిరడా మీద ఆ ఏడు వేస్తారట. ఆయన చదివి, ఇది గొప్ప సంవత్సరం అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా గొంతెత్తి చెప్పేశాను, 1953లో కోసిన ద్రాక్షతో చేసిందట నాయనా అని.

మా నాయన చప్పట్లు కొట్టాడు. మునెప్ప కూడా కొట్టాడు. ఆ తర్వాత నా మాట నాకే వినబడింది.

ఆర్చి మీద మా తాత పోయిన సంవత్సరం ఎర్ర రంగుతో రాసి ఉంది, రంగు ఇంకా ఆరలేదు. ఆయన పోయిన రెండేళ్ళకు కోసిన ద్రాక్ష ఇది. పోయిన మనిషికి ఏ దొర కానుక ఇస్తాడు?

చప్పట్లు ఎప్పుడు ఆగాయో తెలియదు. మా నాయన, సరిగ్గా చదవమను అన్నాడు. మోరో మళ్ళీ చదివి, బిరడాను ఆయనకే చూపించాడు. అంకెలు ఎవరికైనా తెలిసేట్టు ఉన్నాయి. పైగా ఇట్లాంటిది తయారయ్యాక కూడా కొన్నేళ్ళు అక్కడే నేలమాళిగలో పెట్టి గానీ అమ్మరట. అంటే సీసా మా ఇంటికి వచ్చేసరికి మా తాత పోయి ఏడెనిమిదేళ్ళు అయి ఉండాలి. అప్పటికి మా నాయన కృష్ణగిరిలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు పాతరలో సీసా కనిపించింది. మీ నాయనది అని అవ్వ చెప్పింది, ఏనుగు కథ చెప్పింది. ఆయన నమ్మాడు. ఎందుకు నమ్మడు?

వెంకటేశప్ప తాత దొరికిందే చాలని ఎగరలేదు. చాలా నెమ్మదిగా మాట్లాడాడు. “మా అన్న నా దగ్గర ఏదీ దాచలేదప్పా. ఏనుగును తరిమింటే ముందు నాకే చెప్పుండును. అందుకే నేను నమ్మలేదు. ఇంకేమీ లేదు.”

నేను ఆయనను ఎన్ని మాటలు అనుకున్నానో తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా నాయన మాత్రం తాత వైపు చూడలేదు. అవ్వ వైపు తిరిగాడు. అవ్వ గ్లాసులో ఇంకా కొంచెం ఉంది. ఆమె దాన్ని వదలలేదు, మెల్లగా పూర్తి చేసింది.

“మీ నాయన పోయినాక ఆ అడవి చేను ఎవురు కాచినారనుకుంటివి?” అంది. “రాగి ఎన్ను తీసినకాడి నుంచి కోత దాకా మంచె మింద పడుకున్నింది నేను. ఆ దొర జీపు ఆగిపోయి ఏనుగు మిందికి వస్తావుంటే దివిటీ పట్టుకోని అడ్డం నిలబడింది నేను. సీసా ఇచ్చింది నాకు.”

మా నాయన సీసా వైపు, అవ్వ వైపు మార్చి మార్చి చూశాడు. అవ్వే మళ్ళీ అందుకుంది. “మొగుడు పోయిన ఆడది, అడవిలో, దొర చేతిలోనుంచి సారాయి సీసా తీసుకున్నిందంటే ఈ ఊరు ఏమనుండును? నీకు పిల్లను ఎవురిచ్చుండురు? అందుకే మీ నాయన పేరు చెప్పినాను. ఆయన కూడా భయస్తుడు కాదు, ఆడ ఉండింటే ఆయనా నిలబడుండును. అయితే ఆయన లేడు. నేనుంటి.”

ఆమె గొంతులో ఏడుపు లేదు, తప్పు చేసినట్టూ లేదు. మా అవ్వ తల అంత ఎత్తుగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. కాసేపటి కిందట తాతను తలుచుకుని పొంగిపోయిన నా గుండె ఇప్పుడు రెండింతలు పొంగింది. మా అమ్మ పోయి అత్త చెయ్యి పట్టుకుంది.

మా నాయన మంచం మీద కూలబడ్డాడు. రేపు ఊరందరికీ ఏమని చెప్పేదమ్మా అని అడిగాడు, చిన్నపిల్లాడి గొంతుతో.

“నువ్వేం చెప్పొద్దు. నేనొస్తాను. ఆర్చి కింద ముందర నిలబడి నేనే చెప్తాను,” అంది అవ్వ.

ఆ మాటకు అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా ఊళ్ళో ఏ శుభకార్యంలోనూ భర్త పోయిన ఆడది ముందుకు రాదు. పెళ్ళి పందిరైనా, కొత్త బావికి పూజైనా వెనక వంటల దగ్గరే ఉండిపోవాలి. అవ్వ కూడా ఇన్నేళ్ళూ అట్లాగే ఉండిపోయింది, సొంత కొడుకు పెళ్ళిలో కూడా.

ఆమె ఖాళీ గ్లాసు మోరో చేతికిచ్చి, వెంకటేశప్ప తాత వైపు తిరిగింది.

“వెంకటేశా, ఊరికి ప్రెసిడెంటువి నువ్వు. రిబ్బను కత్తిరించేది నువ్వు. ముండమోసింది ముందరికొస్తే అరిష్టమని అనేవాళ్ళలో నువ్వూ ఒకడివే. రేపు నేను రావచ్చునా, కూడదా? ఈడే, ఇప్పుడే చెప్పు.”

వాళ్ళేమంటున్నారని మోరో నన్ను అడిగాడు. ఆగమని చెయ్యి చూపించాను. తాత ఒళ్ళోని తువ్వాలు తీసి భుజాన వేసుకుని లేచాడు. అవ్వ కదలకుండా ఆయన ఎదురుగానే నిలబడి ఉంది.